కాళ్ళున్నవాళ్ళ కుర్చీ

ముందే చెబుతున్నాను, నా కాళ్ళకు ఏ జబ్బూ లేదు. ముప్పై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి టికెట్లు కొట్టిన కాళ్ళివి. రిటైరయ్యాక కూడా పొద్దున్నే లేచి మా కాలనీ చుట్టూ మూడు చుట్లు తిరిగొస్తాను, వచ్చేటప్పుడు కూరగాయల సంచీ మోసుకొస్తాను. అలాంటి కాళ్ళు పెట్టుకుని పరాయి దేశపు ఏర్‌పోర్టులో రోగిష్టిదానిలా చక్రాల కుర్చీలో కూర్చున్నాను. చెప్పుకోవాలంటే నా మీద నాకే రోత పుడుతోంది. ప్రయాణం ఎట్లయింది అని అడిగిన వాళ్ళందరికీ "మంచిగనే తోల్కొచ్చిండ్రు" అని ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను. అది అబద్ధం. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను కరీంనగర్ డిపోలో కండక్టర్‌గా చేశాను. మొదట్లో జమ్మికుంట రూటు, తర్వాత చాలా ఏళ్ళు నిర్మల్ రూటు. పత్తి అమ్మకాల రోజుల్లో జమ్మికుంట బస్సు ఎలా ఉంటుందో ఎక్కినవాళ్ళకే తెలుసు, కాలు పెట్టే సందు ఉండదు. ఆ గుంపులో రెండు రకాల మనుషులను చూస్తే నాకు ఒళ్ళు మండేది. బస్సు నెత్తిన ఊరి పేరు అంతంత అక్షరాలతో రాసి ఉంటే, దాని కిందే నిలబడి "గీ బస్సు ఏడికి పోతది?" అని అడిగేవాళ్ళు మొదటి రకం. "కండ్లు లేవా? బోర్డు సదువుకో" అని కసిరేదాన్ని. పాపం అక్షరాలు రాని మనిషేమో, ఎండలో కళ్ళు కనిపించడం లేదేమో అన్న ఆలోచన నాకు చాలాకాలం రానే లేదు.

రెండో రకం వాళ్ళు మగవాళ్ళు. ముందు తలుపు దగ్గర వికలాంగులకు అని రాసి ఉన్న సీట్లో దర్జాగా కూర్చునేవాళ్ళు. చంకలో కర్ర పెట్టుకున్న మనిషి ఎవరైనా ఎక్కగానే వీళ్ళకు ఎక్కడలేని నిద్ర ముంచుకొస్తుంది. లేకపోతే కిటికీలోంచి పొలాలు చూస్తారు, జన్మలో పొలం చూడనట్టు. నేను వదిలిపెట్టేదాన్ని కాదు. సీటు రాడ్డు మీద టికెట్ మిషన్‌తో టకటక కొట్టి, "లే. కాళ్ళు మంచిగనే ఉన్నయి గద, లే" అనేదాన్ని. సర్పంచైనా, సారైనా, ఎవరైనా సరే. అందుకు నా మీద డిపోకు కంప్లయింట్లు కూడా వచ్చాయి. మేనేజర్ పిలిచి జర మెల్లగ మాట్లాడమ్మా అనేవాడు. నేను మెల్లగా మాట్లాడలేదు, అది నాకు గొప్పగా ఉండేది.

మా బిడ్డ ఐర్లండ్‌లో నర్సు. నేను రిటైరయ్యాక, మూడు నెలలుండి పోదువు రమ్మని టికెట్ తీసింది. మధ్యలో ఒక ఎడారి దేశంలో దిగి, అక్కడ విమానం మారాలి. ఆ మాట బయటికి పొక్కగానే కాలనీ ఆడవాళ్ళంతా మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. ఒకామె ఆ ఏర్‌పోర్టు మన కరీంనగరంత ఉంటుందంది. ఇంకొకామె లోపల రైలు తిరుగుతుందనీ, పొరపాటున తప్పు రైలెక్కితే విమానం పోయినట్టేననీ అంది. పక్కింటి ముస్లిం ఆమె అంతకుముందు ఏడాదే ఉమ్రాకు మక్కా పోయొచ్చింది. ఆమె ఉపాయం చెప్పింది.

"ఫికర్ చెయ్యకు అక్కా. టికెట్ల వీల్‌చైర్ అని రాయించుకో. నేను గట్లనే పోయిన. జర కుంటినట్టు నడువు, చాలు. గీ ఫ్లైట్ కాడికెల్లి గా ఫ్లైట్ దాంక వాళ్లే నూక్కపోతరు. లైన్‌ల నిలబడే పని గూడ లేదు."

"నాకేమైంది కుర్చీల కూసోనీకె? థూ" అన్నాను.

ఆమె నవ్వి, "అందరు గంతే అక్కా, మొదలు థూ అంటరు" అంది.

రెండు రోజులకు మా బిడ్డ ఫోన్ చేసింది. "అవ్వా, నేను టికెట్ల వీల్‌చైర్ పెట్టేసిన. నువ్వు ఏం మాట్లాడకు. నువ్వు ఆడ తప్పిపోతే నేను డ్యూటీల పరేషాన్ కావాలె." వద్దన్నాను. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి ఏమీ అనలేదు. ఎందుకు అనలేదో నాకు తెలుసు. ఇంగ్లీషు బోర్డు కూడబలుక్కుని చదవగలను గాని మాట్లాడలేను. ముప్పై ఏళ్ళు ఊరి జనానికి దారి చెప్పిన నేను, నాకు దారి తెలియని చోట నిలబడి ఇంకొకరిని అడగాల్సి వస్తుందేమోనని భయపడ్డాను. నేను అడిగితే వాళ్ళు నాలాగే కసురుతారని నా భయం.

పోయేటప్పుడు కుర్చీలో పోయాను. ఎవరో తోశారు, నేను తల వంచుకుని కూర్చున్నాను, అంతే. ఇప్పుడు చెప్పేది తిరుగు ప్రయాణం సంగతి.

తిరిగొచ్చేటప్పుడు ఆ ఏర్‌పోర్టులో మధ్యాహ్నం దిగాను. హైదరాబాద్ విమానానికి రెండు గంటల పైన వ్యవధి ఉంది. ఆ ఏర్‌పోర్టును నేను ఎంత అసహ్యించుకున్నానో మాటల్లో చెప్పలేను. విమానం దిగి కుర్చీలో లోపలికి రాగానే అత్తరు వాసన ముక్కులోకి కొట్టింది. ఒక దుకాణం దాటితే ఇంకో దుకాణం, అన్నీ అత్తరే. దారి కోసం చూస్తే దుకాణాల మధ్య నుంచి మెలికలు తిప్పుతారు. నడవాల్సిన మనిషి నేరుగా నడిస్తే వాళ్ళకేదో నష్టమైనట్టు. నడుమ ఇత్తడి గుర్రం ఒకటి, ఏనుగంత ఉంది, దాని ముందు నిలబడి జనం ఫోటోలు దిగుతున్నారు. దాని కాళ్ళ దగ్గరే మన గల్ఫు పిల్లలు నలుగురు సంచులు తల కింద పెట్టుకుని నేల మీద పడుకున్నారు. బల్లల మీద పడుకుందామంటే వీల్లేదు, ప్రతి సీటుకూ మధ్యలో ఇనుప చేతులు బిగించారు. మనిషి నడుము వాల్చకూడదని పనిగట్టుకుని చేయించిన పని అది. చాయ్ అడిగితే వేణ్ణీళ్ళ గ్లాసులో దారం కట్టిన పొట్లం వేసిచ్చారు. దాని ధర చెప్పను, చెబితే తాగినందుకు నన్నే తిడతారు.

కుర్చీల వాళ్ళను పోగేసే చోటు ఒకటుంది. విమానం దిగిన వాళ్ళను అక్కడికి తెచ్చి, బల్ల దగ్గరున్న ఉద్యోగి కాగితంలో పేరు చూసి, మణికట్టుకు ఒక చీటీ చుట్టి వరుసలో పెడతాడు. తర్వాత తోసేవాళ్ళు వచ్చి గేటుకు తీసుకుపోతారు. నన్నూ వరుసలో పెట్టారు. చుట్టూ చూస్తే ఇరవై మంది దాకా ఉన్నాం, చాలామంది మన ఆడవాళ్ళే. ఒకామె కుర్చీలో బాసిపట్లు వేసుకుని కూర్చుని సకినాలు నములుతోంది. కాళ్ళు పనిచేయని మనిషి బాసిపట్లు ఎలా వేస్తుందో ఆ ఉద్యోగి అడగలేదు. ఇంకొకామె చటుక్కున లేచి, బాత్రూముకు పరుగులాంటి నడక నడిచి వెళ్ళి, అంతే వేగంగా తిరిగొచ్చి కుర్చీలో కూలబడి మూలిగింది. నాకు నవ్వూ వచ్చింది, కంపరమూ పుట్టింది. అందరం కలిసి చేస్తున్న నాటకం అది. నా వేషం కూడా అందులో ఉంది.

అప్పుడు అతను వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. రెండు చంకల్లో రెండు కర్రలు, మెడలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలూ ఎక్స్‌రే. కుడి పాదానికి మోకాలి దాకా కట్టు. బయటికి కనిపిస్తున్న వేళ్ళు నల్లగా ఉబ్బి ఉన్నాయి. ఆ పాదం నేలకు ఆనించకుండా గెంతుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి ఉద్యోగికి కాగితం చూపించాడు. హిందీలో మాట్లాడుకున్నారు. నాకు బాగానే అర్థమైంది. ఇతని కంపెనీ టికెట్ తీసింది గాని అందులో కుర్చీ రాయించలేదు. బయట అడిగితే లోపల ఇస్తారన్నారు. లోపల ఈ ఉద్యోగి, నీ పేరు లిస్టులో లేదు, ఉన్న కుర్చీలన్నీ రాయించుకున్నవాళ్ళకే సరిపోవడం లేదు, ఏదైనా ఖాళీ అయితే ఇస్తాను, అక్కడ నిలబడు అన్నాడు. నిలబడు అన్నాడు, ఆ కాలితో.

అతను గోడకు ఆనుకుని ఫోన్ తీశాడు. నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. మాట వినగానే పోల్చుకున్నాను, నిర్మల్ రూటు మాట, ఖానాపూర్ దిక్కు మనిషి. ఇరవై ఏళ్ళు ఆ మాటకే టికెట్ కొట్టాను.

"ఏడ్వకవ్వా. ఏర్‌పోర్టు లోపటికి వచ్చిన. ఇగ గేటు కాడికి పోవుడే ఉన్నది. బయటికి పోనిచ్చే కాగితం ఇయ్యాల్టి దాంకనే ఉన్నది. ఇయ్యాల ఎక్కకుంటే మళ్ల క్యాంపుకే. రెండు నెల్లు తిరిగితె గిది ఒచ్చింది. గీ కాలుతోని మళ్ల ఆడ పండాల్నంటే నాతోని కాదు. ఎక్కుత. ఎట్లనన్న జేసి ఎక్కుత."

ఫోన్ పెట్టేసి, గోడ మీది గడియారం చూశాడు. బల్ల దగ్గరికి మళ్ళీ పోయి అడిగాడు. ఉద్యోగి తల ఎత్తకుండానే చెయ్యి ఊపాడు. అతని చేతిలోని కాగితం మీద విమానం నంబరు కనిపించింది. నా విమానమే.

అతను వెనక్కి తిరిగి కుర్చీల వరుస మొత్తం ఒకసారి చూశాడు. సకినాల ఆమెను చూశాడు, మూలిగే ఆమెను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అప్పటిదాకా నేను కుర్చీలో కూర్చుని పాదం ఊపుతూ ఉన్నాను, నాకది అలవాటు. అతని చూపు నా పాదం మీద పడింది. నా వైపు రెండడుగులు గెంతాడు.

లేద్దామని అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. లేస్తే ఈ ఉద్యోగి నన్ను ఎగాదిగా చూస్తాడు, మరి ఎందుకు కూర్చున్నావని అడుగుతాడు, అందరి ముందూ. ఆ తర్వాత ఆ దుకాణాల్లో, ఆ రైళ్ళలో నేనొక్కదాన్నే గేటు వెతుక్కోవాలి. ఇదంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. అప్పుడు నా చెయ్యి ఏం చేసిందంటే, చీర కుచ్చిళ్ళు పట్టుకుని పాదాల మీదికి లాక్కుంది. మోకాళ్ళ మీద శాలువా కూడా సర్దుకున్నాను. తల తిప్పి ఇత్తడి గుర్రం వైపు చూశాను, జన్మలో గుర్రాన్ని చూడనట్టు.

మళ్ళీ ఇటు తిరిగేసరికి అతను లేడు. కర్రల చప్పుడు దుకాణాల వైపు పోతోంది.

పావుగంటకు నా వంతు వచ్చింది. తోసే మనిషి నేపాలీ, నడివయసువాడు, మర్యాదస్థుడు. "చలే మాజీ?" అని అడిగి తోశాడు. అత్తరు దుకాణం, ఇత్తడి గుర్రం, గోడంత గడియారం ఉన్న వాచీల దుకాణం, చాకొలెట్ల దుకాణం, ఆ తర్వాత పైన రైలు దగ్గరికి పోయే లిఫ్టులు. అక్కడ నాతో పాటు ఇంకో ముగ్గురు ఆడవాళ్ళను గోడ వారగా నిలిపి, ఇంకెవరినో తీసుకురావాలి, కదలకండి అని వెళ్ళిపోయాడు. సామాను పెట్టినట్టు పెట్టి పోయాడు. అతన్ని అనడానికి లేదు, ఒక్కడే అందరినీ మోయాలి.

కూర్చుని చేసేదేముంది, నెత్తి మీది బోర్డు చదివాను. ఒక అక్షరం, పక్కన అంకెలు, కింద బాణం గుర్తు. మా గేటు అక్షరం ఇదీ, అంకె ఇదీ, రైలు ఇటు. అంతే. ఆ బోర్డులో అంతకంటే ఏమీ లేదు. మా కరీంనగర్ బస్టాండులో నలభై చోట్లకు పోయే బస్సులను ఒక్క చూపులో చెప్పిన దాన్ని, ఈ బాణం గుర్తు చదవడానికి భయపడి కుర్చీలో కూర్చున్నాను. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. నేను బస్సు దగ్గర కసిరిన ముసలివాళ్ళంతా గుర్తొచ్చారు. కళ్ళు లేవా, బోర్డు చదువుకో అని నన్ను ఎవరైనా కసిరినా బాగుండేది.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. లిఫ్టు వైపు మమ్మల్ని తెచ్చింది పక్క దారిన. మామూలు జనం పోయేది అటు, కదిలే మెట్ల మీదుగా. ఆ కర్రల మనిషి మాకంటే ముందు బయల్దేరినా, ఈ రైలు దగ్గరికి రావాలంటే ఆ మెట్లు ఎక్కాలి. రెండు కర్రలతో, ఒంటి కాలితో, కదిలే మెట్లు. నేను చూస్తున్నంతసేపూ పైన రైలు దగ్గర అతను కనిపించలేదు. రైళ్ళు రెండు వచ్చి పోయాయి. విమానానికి ఇక గంట కూడా లేదు.

లేచాను. పక్కనున్న ఆడవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

"ఏడికి వదినా? నీకు కాళ్లు మంచిగనే ఉన్నయా?" అంది ఒకామె.

"మంచిగనే ఉన్నయి. నీయి గూడ మంచిగనే ఉన్నయి" అన్నాను.

"తిడతరు, కుర్చీ ముట్టకు."

"తిట్టనియ్."

ఆ కుర్చీకి వెనుక ఒక కడ్డీ ఉంటుంది, అది నొక్కిపడితేనే చక్రాలు కదులుతాయి. నేపాలీ మనిషి చేస్తుంటే చూశాను. నొక్కి వెనక్కి తిప్పాను.

వెనక్కి పోవడం మొదలుపెట్టాక ఆ ఏర్‌పోర్టు అసలు నీచత్వం తెలిసింది. బోర్డులన్నీ ముందుకే. గేట్లు ఇటు, రైళ్ళు ఇటు, దుకాణాలు ఇటు, నమాజు గది ఇటు. వచ్చిన దారిన మళ్ళీ పోవాలనుకున్న మనిషికి ఒక్క బోర్డు లేదు. ఇక్కడ వెనక ఉండిపోయిన వాడి కోసం ఎవరూ తిరిగి పోరని వాళ్ళకు నమ్మకం కాబోలు. ఎదురుగా వచ్చే జనం పెట్టెలు లాక్కుంటూ నా కుర్చీని గుద్దుకుని, నన్నే కోపంగా చూశారు. ఖాళీ కుర్చీ తోసుకుపోతున్న చీర కట్టిన ముసలిదాన్ని చూసి ఒక పిల్ల పగలబడి నవ్వింది.

అయితే కండక్టర్‌కు రూటు రెండు వైపులా వస్తుంది. పోయేటప్పుడు స్టేజీలు ఏ వరుసలో చెబుతామో, వచ్చేటప్పుడు తలకిందులుగా చెబుతాం, నిద్రలో లేపి అడిగినా చెబుతాం. చాకొలెట్లు, గడియారం, గుర్రం, అత్తరు. మనసులో స్టేజీల పేర్లు అరుచుకుంటూ తోశాను. గడియారం దాటగానే ఎడమ పక్కన కదిలే మెట్లు కనిపించాయి. అటు తిప్పాను.

మెట్ల కింద పెద్ద పూలకుండీ ఒకటుంది. అతను దాని అంచు మీద కూర్చుని ఉన్నాడు. ఒక కర్ర చేతిలో ఉంది, రెండోది మెట్ల దగ్గర కింద పడి ఉంది, జనం దాన్ని దాటుకుంటూ పోతున్నారు. ఎవరూ వంగి తీయలేదు. అతని కట్టు కింది భాగం ఎర్రగా తడిసింది. పాదం ఆనించాడు. ఆనించకుండా ఎలా వస్తాడు అంత దూరం? ఆ పాలరాతి నేల మీద మూడు నాలుగు చోట్ల ఎర్రటి మరకలున్నాయి. తెల్ల చొక్కా వేసుకున్న తుడిచే మనిషి ఒకడు అప్పటికే ఆ మరకల మీద తడిగుడ్డ వేస్తున్నాడు. మనిషిని చూడలేదు, మరకను చూశాడు. నాకు రోత పుట్టింది, ఎవరిని చూసి పుట్టిందో చెప్పలేను.

కర్ర తీసుకొచ్చి అతని ఒళ్ళో పెట్టాను. "కూసో బిడ్డా" అన్నాను.

అతను కుర్చీని చూశాడు, నిలబడి ఉన్న నన్ను చూశాడు. "గిది మీది గద పెద్దమ్మా?"

"కూసోమన్న."

నా గొంతు నాకే బస్సులో గొంతులా వినిపించింది. అతను కూర్చున్నాడు. పాదం పెట్టే రేకు మీద పాదాన్ని రెండు చేతులతో ఎత్తి పెట్టాను. వేళ్ళు కాలిపోతున్నంత వేడిగా ఉన్నాయి. శాలువా తీసి దాని చుట్టూ చుట్టాను. నా కాళ్ళు దాచిన శాలువా అది. ఇక తోయడం మొదలుపెట్టాను.

లిఫ్టుల దగ్గరికి వచ్చేసరికి మిగతా ముగ్గురినీ ఎవరో తీసుకుపోయారు, నేపాలీ మనిషి తల పట్టుకుని నిలబడి ఉన్నాడు. కుర్చీ పోయిందంటే అతని ఉద్యోగం మీదికి వస్తుంది. నన్ను చూసి పరుగున వచ్చాడు, ఏదో అనబోయాడు. కుర్చీలో మనిషినీ, శాలువాలోంచి ఎర్రగా కనిపిస్తున్న కట్టునూ చూశాడు. తర్వాత నా పాదాల వైపు ఒకసారి చూశాడు. నా చేతుల్లోంచి కడ్డీ తీసుకుని లిఫ్టులోకి తోశాడు. ఏమైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

రైలెక్కాం. దిగాక నేపాలీ మనిషి ముందు పరుగులాంటి నడకతో తోస్తుంటే నేను వెనుక పరుగెత్తాను. అవును, పరుగెత్తాను. అరవై దాటిన మనిషిని, చీర ఎత్తి పట్టుకుని, ఆ నడిచే రబ్బరు పట్టా మీద. నా కాళ్ళు ఎంత బాగున్నాయో ఆ రోజు ఆ ఏర్‌పోర్టంతా చూసింది. గేటు దగ్గర అప్పటికే జనం లేరు. ఒక అమ్మాయి తలుపు మూయబోతోంది. నేపాలీ మనిషి దూరం నుంచే చెయ్యెత్తి అరిచాడు.

ఆ అమ్మాయి లిస్టు చూసి అయోమయపడింది. కుర్చీ నా పేరు మీద ఉంది, కుర్చీలో ఇంకొకడున్నాడు, నా మణికట్టుకు రోగి చీటీ ఉంది. వీల్‌చైర్ ప్యాసింజర్ ఎవరు, మీరా అని హిందీలో అడిగింది.

"మై నహీ. మేరే పైర్ ఠీక్ హై" అన్నాను, నా కాళ్ళు బాగున్నాయని. వాళ్ళ ముందే, గట్టిగా. మణికట్టు మీది చీటీ పళ్ళతో కొరికి తెంపి ఆమె బల్ల మీద పెట్టాను. ఆమె మూతి ముడిచింది గాని ఇద్దరినీ లోపలికి పంపింది. అతని కాగితం మీద ముద్ర పడి ఉంది, గడువు ఆ రోజే. అతను ఎక్కాడు.

విమానంలో మాకు దూరం దూరం సీట్లు. నేను కళ్ళు మూసుకుని కూర్చున్నాను. పోనీలే, చివరికి మంచి పనే చేశావు కదా అని మనసు ఒకటే సర్దిచెబుతోంది. అతను చూసి ఉండడులే, చూసినా గమనించి ఉండడులే అని కూడా చెప్పింది. హైదరాబాద్ వచ్చేసరికి దాదాపు నమ్మేశాను.

అక్కడ విమానం తలుపు దగ్గరే కుర్చీలు వరుసగా ఉన్నాయి. సకినాల ఆమె, మూలిగే ఆమె, అందరూ మళ్ళీ ఎక్కారు. నా పేరుతో వచ్చిన కుర్చీలో అతన్ని కూర్చోబెట్టించి, నేను పక్కన నడిచాను. బయటి అద్దాల తలుపు దగ్గర తమ వాళ్ళు కనిపించగానే ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కుర్చీల్లోంచి గబగబా లేచి, మనవళ్ళను ఎత్తుకోవడానికి పోయారు. తోసేవాళ్ళు ఖాళీ కుర్చీలతో నిలబడ్డారు. వాళ్ళ ముఖాల్లో ఏ ఆశ్చర్యమూ లేదు, రోజూ చూసేదే. అతన్ని తీసుకుపోవడానికి అతని అన్న నిర్మల్ నుంచి కారు తెచ్చాడు. కారు ముందుకు వచ్చేదాకా కొన్ని నిమిషాలు మేమిద్దరమే ఉన్నాం.

నేను అడగకుండా ఉండాల్సింది. కాని అతను ఏమీ చూడలేదని అతని నోటితోనే వినాలనిపించింది.

"గా కుర్చీల కాడ అంత మందిమి ఉంటిమి గద బిడ్డా. నన్ను ఒక్క మాట అడగకపోతివి? అడిగితె లేస్తుంటి గద."

అతను నా శాలువా మడతపెట్టి నా చేతికిచ్చాడు. దాని అంచుకు రక్తం అంటింది. అతని గొంతులో కోపమేమీ లేదు, స్టేజీ పేరు చెప్పినట్టు చెప్పాడు.

"అడుగుదామనే రెండడుగులు వచ్చిన పెద్దమ్మా. మీరు కాళ్ల మీదికి చీర గుంజుకున్నరు."

కారు వచ్చింది, అన్న అతన్ని ఎత్తి వెనుక సీట్లో పడుకోబెట్టాడు, పోయారు.

ముప్పై ఏళ్ళలో ఆ ముందు సీట్లోంచి ఎంతమంది మగవాళ్ళను లేపానో, ఎంతమందిని చూసి ఛీ కొట్టానో నాకే తెలియదు. వాళ్ళు గొణుక్కున్నారు, నన్ను తిట్టారు, డిపోకు కంప్లయింటు రాశారు. అయినా లేచారు. వాళ్ళలో ఒక్కడు కూడా నా ముందు కాళ్ళు దాచుకోలేదు.